చిన్న ఉప్పునీటి అక్వేరియంలో రాళ్లు, పగడాల అమరిక: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉప్పునీటి అక్వేరియం మొదలుపెట్టిన ప్రతివారికీ దాదాపు ఒకే వరుసలో ఒకే సందేహాలు వస్తాయి. రాయి ఎంత కావాలి, ఎలా పేర్చాలి, ఏ పగడం ఎక్కడ పెట్టాలి, నిన్నటిదాకా విచ్చుకున్నది ఈ రోజు ఎందుకు ముడుచుకుంది? మళ్లీ మళ్లీ ఎదురైన ఈ ప్రశ్నలను ఒకచోట చేర్చి జవాబులు రాశాను. ఇవన్నీ 30 నుంచి 80 లీటర్ల ట్యాంకులను దృష్టిలో పెట్టుకుని రాసినవి. పెద్ద ట్యాంకులో పక్కదారి పట్టిన రాయి ఒకటి ఉన్నా కంటికి ఆనదు. ఇంత చిన్నదానిలో రాయి రెండు వేళ్ల మందం జరిగినా నీటి ప్రవాహం, వెలుతురు, చేపల నడక అన్నీ మారిపోతాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## రాళ్లు కొనే ముందు

60 లీటర్ల ట్యాంకుకు ఎన్ని కిలోల రాయి కావాలి?

పాత లెక్క ప్రకారం ఎనిమిది లీటర్లకు ఒక కిలో, అంటే ఏడెనిమిది కిలోలు. అది బరువైన, గట్టి రాళ్ల కాలం నాటి లెక్క. ఇప్పుడు దొరికే డ్రై రాక్ (జీవమేదీ లేని పొడి రాయి) చాలావరకు స్పంజిలా గుల్లగా ఉంటుంది కాబట్టి నాలుగైదు కిలోలు సరిపోతాయి. నన్నడిగితే తూకం కంటే కంటి కొలతే నమ్మదగినది. రాయి ట్యాంకు లోపలి చోటులో మూడో వంతు మించకూడదు, ఎత్తు నీటి మట్టంలో మూడింట రెండు వంతులు దాటకూడదు. పగడం పెరిగే జీవి. ఈ రోజు బొటనవేలంత ఉన్న ముక్క రెండేళ్లలో పిడికిలిని మించిపోవచ్చు. ఆ పిడికిలికి కావలసిన చోటు ఇప్పుడే వదలాలి. కొనేటప్పుడు మాత్రం కొంచెం ఎక్కువే తెచ్చుకోండి, పేర్చేటప్పుడు ఏరుకునే వీలుంటుంది.

లైవ్ రాక్ తీసుకోవాలా, డ్రై రాక్ చాలా?

లైవ్ రాక్ అంటే బాక్టీరియా, స్పంజికలు, పురుగులు, నాచు అన్నీ కాపురమున్న సముద్రపు రాయి. ట్యాంకు త్వరగా నిలదొక్కుకుంటుంది, మొదటి రోజు నుంచే చూడడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ 1960ల తొలినాళ్లలో ఇలాంటి రాళ్లతో, గాలి బుడగలతో పగడాలను బతికించి చూపిన తర్వాతే ఇళ్లలో పగడాల పెంపకం మీద ఆశ కలిగింది. అయితే లైవ్ రాక్‌తో పాటు అక్కరలేని జీవులు కూడా వస్తాయి. నీటి బయట ఎక్కువసేపు ఉంటే లోపలి ప్రాణులు చనిపోయి అమ్మోనియా పుడుతుంది.

డ్రై రాక్ శుభ్రంగా, తేలికగా, తొందరలేకుండా పేర్చుకోవడానికి వీలుగా ఉంటుంది. గంటలకొద్దీ పొడి ట్యాంకులో మార్చి మార్చి చూసుకోవచ్చు, పగలగొట్టవచ్చు, అతికించవచ్చు. కొత్తవారికి నేను చెప్పేది ఇదే: అమరికంతా డ్రై రాక్‌తో కట్టండి, నమ్మకమైన ట్యాంకు నుంచి అరచేయంత లైవ్ రాక్ ముక్క ఒకటి తెచ్చి వెనుక పెట్టండి. జీవం దాని నుంచి మిగతా రాళ్లకు పాకుతుంది.

సముద్రపు ఒడ్డున ఏరుకున్న పగడపు రాళ్లు వాడవచ్చా?

వద్దు. రాతి పగడాలన్నీ, వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. చాలా దేశాల్లో చనిపోయిన పగడపు ముక్కను తీసుకోవడం కూడా నేరమే. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ రాయి ఒడ్డున చిన్న జీవులకు ఇల్లు. అక్వేరియం కోసం తవ్విన పురాతన పగడపు సున్నపురాయి గానీ, సిమెంటుతో చేసిన కృత్రిమ రాయి గానీ ఎంచుకోండి.

మామూలు రాయి పనికొస్తుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

రాయి మీద నాలుగు చుక్కల వెనిగర్ వేయండి. బుసబుసమని నురగ వస్తే అందులో సున్నం ఉందన్నమాట. అయితే ఇది సగం పరీక్ష మాత్రమే. రాయిలో తుప్పు రంగు చారలు, లోహపు మెరుపు, నూనె వాసన ఉంటే సున్నం ఉన్నా సరే వదిలేయండి. రాగి కొద్దిగా కలిసినా రొయ్యలు, నత్తలు బతకవు.

ఏ పగడాలు పెంచాలో ముందే తేల్చుకోవాలా?

పేర్లు కాకపోయినా రకం తేల్చుకోవాలి. మష్రూమ్, లెదర్, జోయాంథస్ వంటి మెత్తని పగడాలకు చిన్న చిన్న అరలు, నీడ పట్టులు ఉన్న రాయి కావాలి. టార్చ్, హ్యామర్ వంటి పెద్ద పాలిప్ (పాలిప్ అంటే పగడంలోని ఒక్కో చిన్న జీవి) రాతి పగడాలకు చుట్టూ ఖాళీ ఉన్న గట్లు కావాలి. ఆక్రోపోరా, మాంటిపోరా వంటి చిన్న పాలిప్ జాతులకు వెలుతురుకు దగ్గరగా, ప్రవాహం అన్ని వైపుల నుంచి తగిలే కొమ్మలు కావాలి. మూడూ కలిపి పెంచాలనే ఆశ అందరికీ ఉంటుంది. 50 లీటర్లలో అది చాలా కష్టం. మొదటి ట్యాంకులో మెత్తని పగడాలు, మూడు నాలుగు పెద్ద పాలిప్ జాతులు ఉంటే సంతోషంగా గడుస్తుంది.

## పొడి ట్యాంకులో రాళ్లు పేర్చేటప్పుడు

ముందు ఇసుక పోయాలా, ముందు రాయి పెట్టాలా?

ముందు రాయి. ఇసుక మీద నిలబెట్టిన రాయి నీటిలో స్థిరంగానే కనిపిస్తుంది, కానీ ట్యాంకులో తవ్వే ప్రాణులు ఉంటాయి. ఒక రాత్రి నా ట్యాంకు ముందు కూర్చుని పిస్టల్ రొయ్య పని చూశాను. రెండు ముందరి కాళ్లతో ఇసుకను బుల్డోజర్‌లా తోసుకుంటూ గుహ నుంచి బయటికి వస్తుంది, గుమ్మం దగ్గర కుప్ప పోస్తుంది, వెంటనే మళ్లీ లోపలికి వెళుతుంది. దాని జత గోబీ చేప తోక ఊపుతూ కాపలా కాస్తుంది. తెల్లవారేసరికి రాయి కింద వేలు పట్టేంత సొరంగం. ఆ రాయి అద్దం మీద ఆని ఉంది కాబట్టి కదలలేదు, ఇసుక మీద ఉంటే మీద పడి రెండూ నలిగిపోయేవి.

అద్దం మీద గీత పడుతుందనే భయం ఉంటే రాయి ఆనే చోట పలుచని యాక్రిలిక్ షీటు వేయండి. రాయికి కనీసం మూడు చోట్ల అద్దం తగలాలి. ఆ తర్వాత చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల ఇసుక పోస్తే సరిపోతుంది.

రాళ్లు గోడలా కనిపిస్తున్నాయి. సహజంగా ఉండాలంటే ఎలా పేర్చాలి?

వెనుక అద్దానికి ఆనించి పైదాకా పేర్చడం అందరూ చేసే మొదటి పని. రాయి ఎక్కువ పడుతుంది, లోతు కనిపించదు, వెనుక నీరు కదలక మురికి చేరుతుంది. గోడను మరచిపోయి రెండు దిబ్బలను ఊహించుకోండి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, మధ్యలో ఇసుక దారి. పెద్దదాని శిఖరం ట్యాంకు నడిమధ్యన ఉండకూడదు. పొడవును ఎనిమిది భాగాలు చేసి ఒక చివరి నుంచి మూడో గుర్తు దగ్గర శిఖరం నిలిపితే కంటికి హాయిగా ఉంటుంది. ఇసుక దారిని వెనక్కి వెళ్లేకొద్దీ సన్నగా చేస్తే 30 సెంటీమీటర్ల ట్యాంకు కూడా లోతుగా కనిపిస్తుంది.

రాయి అంచులను గమనించండి. సముద్రంలో దిబ్బ నిటారుగా లేవదు. కొన్నిచోట్ల కింద తొలుచుకుపోయి పైన చూరులా ముందుకు వస్తుంది. ఒక్క చూరైనా మీ అమరికలో ఉండేలా చూడండి. దాని పైభాగం వెలుతురు కోరే పగడానికి, కిందిభాగం నీడ కోరేదానికి, అడుగున చీకటి చేపకు. ఒకే రాయితో మూడు రకాల చోట్లు దొరుకుతాయి.

నీళ్లు పోసే ముందు అమరికను కనీసం మూడు రోజులు అలాగే ఉంచండి. వచ్చీపోయేటప్పుడు చూస్తూ ఉంటే మొదటి రోజు నచ్చినది మూడో రోజు బరువుగా అనిపిస్తుంది. ఆ సమయంలో నేను చేసే మార్పు దాదాపు ఎప్పుడూ ఒకటే, ఒక రాయి తీసేయడం.

రాయికి, అద్దానికి మధ్య ఎంత ఖాళీ వదలాలి?

ముందు, పక్కల ఐదు సెంటీమీటర్లు. అద్దం తుడిచే అయస్కాంతం రాయికి తగలకుండా తిరగాలి, పగడం పెరిగాక కూడా తిరగాలి. వెనుక మూడు సెంటీమీటర్లు ఉన్నా చాలు, నీరు ఆగకుండా ఉంటే సరి.

రాళ్లు కూలిపోకుండా దేనితో అతికించాలి?

రాళ్లు తమ బరువు మీద తామే నిలబడేలా ముందు పేర్చండి. జిగురు ఆ నిలకడను కాపాడడానికే. నిలబడని రాయిని జిగురుతో నిలబెడితే ఏదో ఒక రోజు ఊడుతుంది.

చిన్న అతుకులకు జెల్ రూపంలోని సూపర్ గ్లూ పనికొస్తుంది. అందులోని సైనోయాక్రిలేట్ తేమ తగలగానే గట్టిపడుతుంది, ఆరిన తర్వాత జీవులకు హాని లేదు. పొడి రాళ్ల మధ్య సందు ఉంటే అందులో జెల్ వేసి పైన కొంచెం సోడియం బైకార్బొనేట్ పొడి చల్లండి. క్షణాల్లో రాయిలా బిగుస్తుంది. వేడి, ఘాటైన ఆవిరి వస్తాయి కాబట్టి గాలి ఆడే చోట, ముఖం దూరంగా పెట్టి చేయండి.

చూరులా ముందుకు వచ్చే రాయికి ఇది చాలదు. రెండు రాళ్లకూ రంధ్రం చేసి యాక్రిలిక్ కడ్డీ గానీ ఫైబర్ గ్లాస్ కడ్డీ గానీ దూర్చి, చుట్టూ సిమెంటు లేదా ఎపాక్సీ పుట్టీ నింపాలి. ఇనుప కడ్డీ వద్దు, ఉప్పునీటిలో తుప్పు పడుతుంది. సిమెంటు వాడితే కొన్ని రోజులు మంచినీటిలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ పీహెచ్ తగ్గేదాకా ఆగండి.

అతికించిన అమరికను చేత్తో నాలుగు వైపుల నుంచీ నెట్టి చూడండి. కొంచెమైనా ఊగితే అక్కడ ఇంకా పని ఉంది. అమరికనంతా ఒకే ముద్దగా అతికించకుండా, చేత్తో ఎత్తగలిగిన రెండు మూడు భాగాలుగా కట్టుకోవడం మంచిది. దాక్కున్న చేపను పట్టాల్సి వచ్చిన రోజు ఆ విలువ తెలుస్తుంది.

నాకు నచ్చిన ఆకారంలో రాళ్లు దొరకడం లేదు. పగలగొట్టవచ్చా?

తప్పకుండా. ఉలి, సుత్తి, కళ్లద్దాలు చాలు. రాయిని పాత తువ్వాలు మీద పెట్టి, గుల్ల ఉన్న గీత చూసి చిన్న దెబ్బలు వేయండి. ఒక్క పెద్ద దెబ్బ వేస్తే పొడి అవుతుంది. రాలిన చిన్న ముక్కలు పారేయకండి. దిబ్బ అడుగున ఇసుక అంచు వెంబడి చల్లితే రాయి అక్కడే పుట్టినట్టు కనిపిస్తుంది.

హీటరు, పంపు రాళ్ల వెనుక దాచవచ్చా?

హీటరును దాచండి, కానీ రాయికి తగలనివ్వకండి, చుట్టూ నీరు కదలాలి. పంపును రాయితో పూర్తిగా కప్పితే ప్రవాహం సగానికి పడిపోతుంది, శుభ్రం చేయాలన్న ప్రతిసారీ అమరిక కదపాల్సి వస్తుంది. పైమూలలో కనిపించినా సరే, పగడాలు పెరిగాక కన్ను అటు పోదు.

## నీళ్లు నింపాక, పగడాలు రాకముందు

రాళ్లు పెట్టి నీళ్లు పోశాను. పగడాలు ఎప్పుడు పెట్టవచ్చు?

రాతి గుల్లల్లో బాక్టీరియా స్థిరపడాలి. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా, మరో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. డ్రై రాక్‌తో దీనికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, సీసాలో దొరికే బాక్టీరియాతో కొంత త్వరగా అవుతుంది. క్యాలెండరు చూసి నిర్ణయించకండి, పరీక్షించి నిర్ణయించండి. కొంచెం అమ్మోనియా వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు రావాలి. ఆ తర్వాత ఉష్ణోగ్రత 25 లేదా 26 డిగ్రీలు, ఉప్పు సాంద్రత 1.025 నుంచి 1.026 దగ్గర వారంపాటు కదలకుండా నిలిస్తే మొదటి మెత్తని పగడం పెట్టవచ్చు. రాతి పగడాలకు మరో రెండు మూడు నెలలు ఆగితే నష్టపోయే అవకాశం బాగా తగ్గుతుంది.

తెల్లగా మెరిసిన రాళ్లు గోధుమరంగు పూతతో అసహ్యంగా ఉన్నాయి. పాడయ్యాయా?

పాడవలేదు. అది చాలావరకు డయాటమ్‌లు, కొత్త ట్యాంకులో సిలికా తిని పెరిగే సూక్ష్మ నాచు. తర్వాత ఆకుపచ్చ నూలు నాచు కూడా రావచ్చు. ఖాళీ రాయి మీద ఎవరో ఒకరు చోటు పట్టుకోక తప్పదు. ఈ దశ రెండు మూడు నెలలు సాగుతుంది. రోజూ రాళ్లు బయటికి తీసి రుద్దితే స్థిరపడుతున్న మంచి బాక్టీరియా కూడా పోతుంది. నత్తలు వేయండి, వెలుతురు రోజుకు ఆరేడు గంటలకు తగ్గించండి, పొడవైన నాచును చేత్తో పీకండి. పూతలో గాలి బుడగలు చిక్కుకుని చీమిడిలా దారాలు వేలాడుతుంటే మాత్రం అది డైనోఫ్లాజెలేట్ కావచ్చు. నైట్రేట్, ఫాస్ఫేట్ పూర్తిగా సున్నా ఉన్న ట్యాంకుల్లో అది ఎక్కువ, కాబట్టి ముందు ఆ రెండూ పరీక్షించండి.

రాళ్లు ఊదారంగులోకి ఎప్పుడు మారతాయి?

ఆ రంగు కోరలైన్ నాచుది, అది సున్నాన్ని తన ఒంట్లో నింపుకునే ఎర్ర నాచు జాతి. మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. మొదట పంపు మీద, వెనుక అద్దం మీద గులాబీరంగు చుక్కలుగా కనిపిస్తుంది. కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, ఆల్కలినిటీ 8 లేదా 9 డీకేహెచ్ దగ్గర నిలకడగా ఉంటే చాలు. డ్రై రాక్ మాత్రమే ఉన్న ట్యాంకులో విత్తనం కావాలి కాబట్టి ఆ నాచు పట్టిన నత్త ఒక్కటి తెచ్చినా పని జరుగుతుంది.

రాయి నుంచి ఏవో వింత ప్రాణులు బయటికి వస్తున్నాయి. తీసేయాలా?

చాలావాటిని వదిలేయండి. రాత్రి ఎర్రటి టార్చి వేసి చూస్తే రాతి కన్నం నుంచి దారంలాంటి చేయి ఒకటి బయటికి చాచి మెల్లగా తడుముతూ కనిపిస్తుంది, అది బ్రిటిల్ స్టార్. మిగిలిన మేత ఏరుకు తింటుంది. ముళ్ల పురుగులు కూడా మురికి తినేవే, కాకపోతే చేత్తో పట్టుకోకండి, ముళ్లు దిగుతాయి. పారదర్శకమైన గోధుమరంగు చిన్న అనిమోన్ (పువ్వులా విచ్చుకుని కుట్టే జీవి) కనిపిస్తే అది ఐప్టేసియా. దాన్ని గిల్లకూడదు, ప్రతి ముక్కా కొత్తది అవుతుంది. దానికోసం దొరికే పేస్టును సిరంజితో నోట్లో నింపండి, లేదా పెప్పర్‌మింట్ రొయ్యను వదలండి. రాత్రిపూట టక్ టక్ మని శబ్దం వస్తే పిస్టల్ రొయ్య గానీ మాంటిస్ రొయ్య గానీ కావచ్చు. రెండోది చేపలకు ప్రమాదం. అది ఉన్న రాయిని బయటికి తీసి వేరే బకెట్‌లో పెట్టి చూసుకోండి.

## పగడాలు పెట్టేటప్పుడు

ఏ పగడం పైన, ఏది కింద?

పగడాలకు పనికొచ్చే వెలుతురును పార్ అనే కొలతలో చెబుతారు. మష్రూమ్, లెదర్, జోయాంథస్‌కు 50 నుంచి 100, టార్చ్, హ్యామర్, డంకన్, క్యాండీ కేన్‌కు 75 నుంచి 150, ఆక్రోపోరాకు 200 నుంచి 350 సరిపోతుంది. చిన్న ట్యాంకులో ఎత్తు తక్కువ, దీపం దగ్గరగా ఉంటుంది. అందుకని అడుగున కూడా మనం అనుకున్నదానికంటే వెలుతురు ఎక్కువే ఉండవచ్చు. మీటరు లేకపోతే కొత్త పగడం ఏదైనా మొదట ఇసుక మీద, ఓ మూలన పెట్టి, వారానికి కొంచెం చొప్పున రెండు మూడు వారాల్లో దాని చోటుకు చేర్చండి. తక్కువ వెలుతురులో పగడం నెలల తరబడి ఓర్చుకుంటుంది. ఎక్కువైతే కొద్ది రోజుల్లోనే దానిలోని జూజాంథెల్లే అనే సూక్ష్మ నాచును బయటికి తోసేసి తెల్లబడిపోతుంది.

వెలుతురుతో పాటు ఒళ్లు కూడా చూడాలి. ట్రాకిఫిలియా, ఫంజియా వంటి కండగల పగడాలు ఇసుక మీదే ఉండాలి. రాయి మీద పెడితే ఉబ్బినప్పుడు ఒరుసుకుని కండ చిరుగుతుంది. ఫంజియా అయితే తనంతట తాను మెల్లగా జరుగుతుంది కూడా. గట్టు మీద పెడితే ఒక ఉదయం కింద తలకిందులుగా కనిపిస్తుంది.

రెండు పగడాల మధ్య ఎంత దూరం ఉండాలి?

పగటిపూట కనిపించే పరిమాణం చూసి మోసపోవద్దు. దీపం ఆరిన రెండు గంటల తర్వాత ట్యాంకు దగ్గరికి వెళ్లండి. పగలంతా బుద్ధిగా ఉన్న గాలాక్సియా నుంచి సన్నని పారదర్శకమైన దారాలు ప్రవాహంలో బారుగా సాగి ఊగుతుంటాయి, కొసన తెల్లని చుక్క. అది కుట్టే కణాల గుత్తి. పొరుగు పగడాన్ని అది తాకిన చోట మర్నాటికి మాంసం కరిగి తెల్లని అస్థిపంజరం బయటపడుతుంది. ఆ దారాలు 20 సెంటీమీటర్లు దాటగలవు. అందుకే 50 లీటర్ల ట్యాంకులో గాలాక్సియా వద్దనే చెబుతాను, ఎంత అందంగా ఉన్నా సరే.

టార్చ్ చుట్టూ 15 సెంటీమీటర్లు, మిగతా పెద్ద పాలిప్ జాతులకు పది, మెత్తని పగడాలకు ఐదు వదలండి. హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్ సాధారణంగా పక్కపక్కన సర్దుకుంటాయి. టార్చ్‌ను మాత్రం వాటితో కలపకండి. కొలిచేటప్పుడు ప్రవాహం వెళ్లే వైపు ఎక్కువ వదలాలి, దారాలు అటే సాగుతాయి కాబట్టి.

తాకకుండా జరిగే పోరు ఇంకొకటి ఉంది. లెదర్ వంటి మెత్తని పగడాలు నీటిలోకి రసాయనాలు వదిలి రాతి పగడాల ఎదుగుదలను అణచివేస్తాయి. చిన్న నీటిలో ఇది త్వరగా చిక్కబడుతుంది. యాక్టివేటెడ్ కార్బన్ సంచి ఎప్పుడూ ఉంచండి, నెలకోసారి మార్చండి.

పగడాన్ని రాయికి ఎలా అతికిస్తే ఊడదు?

అతికే చోట రాయిని పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి, నాచు పొర మీద ఏ జిగురూ నిలవదు. పంపు ఆపండి. పగడాన్ని బయటికి తీసి అడుగుభాగం కాగితంతో అద్ది, శనగగింజ కంటే పెద్ద ముద్ద జెల్ పెట్టండి. నీటిలో ముంచి రెండు క్షణాలు ఆగితే జెల్ పైన తెల్లని పొర కడుతుంది. ఆ పొర చిట్లేలా రాయి మీద నొక్కి, కొద్దిగా తిప్పి, 20 క్షణాలు పట్టుకోండి. బరువైన ముక్కకు రాయి మీద ఎపాక్సీ ముద్ద, దాని రెండు వైపులా జెల్ వేస్తే గట్టిగా పట్టుకుంటుంది. ఎపాక్సీ ఆరేటప్పుడు ప్రొటీన్ స్కిమ్మర్ (బుడగలతో నీటిలోని మురికిని నురగగా తీసే పరికరం) ఒక రోజు విపరీతంగా నురగ పోస్తుంది, కంగారు పడకండి.

పగడంతో వచ్చిన ప్లగ్ తీసేయాలా?

ప్లగ్ అంటే అమ్మేవారు పగడాన్ని అతికించి ఇచ్చే, కాడ ఉన్న చిన్న బిళ్ల. వీలైతే తీయండి. ప్లగ్ అడుగున, అంచుల్లో పురుగుల గుడ్లు, ఐప్టేసియా దాక్కుంటాయి. కటింగ్ ప్లయర్‌తో కాడ కత్తిరించి, పగడాన్ని డిప్ ద్రావణంలో (పురుగులను వదిలించే మందు నీటిలో) ముంచి, కొత్త చోట అతికించండి. పాలిప్‌లు ప్లగ్ అంతా పరుచుకుని ఉంటే కాడ మాత్రం తీసి, బిళ్లను రాతి పగులులో దించితే కనిపించదు.

జోయాంథస్ ఉన్న రాయిని కదపడం ప్రమాదమా?

జాగ్రత్త లేకపోతే నిజంగా ప్రమాదమే. జోయాంథస్, ముఖ్యంగా పాలిథోవా జాతుల్లో పాలిటాక్సిన్ ఉండవచ్చు, అది అతి తీవ్రమైన విషాల్లో ఒకటి. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా కత్తిరించకండి. కత్తిరించేటప్పుడు రసం కంట్లో చిమ్ముతుంది. ఈ జీవులు పట్టిన రాయిని ఉడకబెట్టడం, వేడినీళ్లు పోయడం, ఆరిన తర్వాత గీకడం ఎన్నడూ చేయకూడదు, విషం గాలిలో కలుస్తుంది. తాకిన తర్వాత నోట్లో లోహపు రుచి, చలి, జ్వరం, ఊపిరి ఆడకపోవడం వంటివి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లి పాలిటాక్సిన్ అన్న మాట వైద్యులకు స్పష్టంగా చెప్పండి. పిల్లలు ఉన్న ఇంట్లో ఈ పనికి వాడే పాత్రలు వేరుగా పెట్టండి.

పెట్టిన మర్నాటి నుంచి పగడం ముడుచుకునే ఉంది. చోటు మార్చాలా?

వారం రోజులు ఆగండి. మెత్తని పగడాలు, ముఖ్యంగా లెదర్, ముడుచుకుని మైనంలాంటి పొర వదిలి మళ్లీ విచ్చుకోవడం సహజం. రోజుకోసారి చోటు మారిస్తే ప్రతిసారీ మొదటి నుంచి అలవాటు పడాలి. కండ అస్థి నుంచి వేరవుతున్నా, గోధుమరంగు జిగురు కారుతున్నా, చెడు వాసన వస్తున్నా మాత్రం ఆలస్యం చేయకండి. నీటి పరీక్ష చేసి, ఆ ముక్కను విడిగా డిప్ చేసి, కుళ్లిన భాగం కత్తిరించండి.

ప్రవాహం సరిపోతోందో లేదో ఎలా తెలుస్తుంది?

హ్యామర్ గానీ టార్చ్ గానీ ఉంటే దాని వేళ్లు చూడండి. ఒక వైపుకే వంగి అస్థికి అతుక్కుని ఉంటే ప్రవాహం నేరుగా, ఎక్కువగా తగులుతోంది. అసలు కదలకుండా వేలాడితే తక్కువ. ఆగి ఆగి రెండు వైపులకూ ఊగుతుంటే సరిగ్గా ఉంది. మెత్తని, పెద్ద పాలిప్ పగడాలున్న ట్యాంకులో గంటకు మొత్తం నీటికి పది నుంచి ఇరవై రెట్లు తిరిగితే చాలు.

అనిమోన్ కూడా పెట్టవచ్చా?

పగడాలున్న చిన్న ట్యాంకులో పెట్టకండి. దానికి నచ్చిన చోటు దొరికేదాకా నడుస్తుంది, నడిచిన దారిలో పగడాలను కుడుతుంది, పంపులో పడితే నీరంతా విషమవుతుంది.

## పెరిగిన తర్వాత

జీనియా, గ్రీన్ స్టార్ పాలిప్ రాళ్లన్నీ కమ్మేశాయి. ఏం చేయాలి?

వీటిని ముఖ్యమైన దిబ్బ మీద పెట్టకూడదు. ఇసుక మధ్య విడిగా ఉన్న రాయి మీద పెట్టి, చుట్టూ ఏడెనిమిది సెంటీమీటర్ల ఇసుక వదిలితే పాకడం నెమ్మదిస్తుంది. ఇప్పటికే పాకి ఉంటే గ్రీన్ స్టార్ ఊదారంగు చాపను అంచు నుంచి గోరుతో లేపి మెల్లగా ఒలవండి, చాలాసార్లు ఒకే ముక్కగా వస్తుంది. జీనియాను పాదంతో సహా తీయాలి, రాయి పైపొర కొంచెం గీకినా ఫరవాలేదు.

నత్తలు, పీతలు రోజూ పగడాలను పడేస్తున్నాయి.

పెద్ద టర్బో నత్తలు చిన్న ట్యాంకుకు తగవు, ట్రోకస్ వంటి చిన్నవి ఉంచుకోండి. అతికించని ముక్క పడిపోవడం ఖాయం. కింద ఒకసారి తలకిందులుగా రెండు రోజులు ఉండిపోతే పగడం పోతుంది కాబట్టి రోజూ ఉదయం లెక్క చూసుకోండి.

పై పగడం పెరిగి కిందిదానికి నీడ పడుతోంది. ఏది కదపాలి?

కిందిదాన్ని. పైది రాయిని పట్టుకుని పెరిగింది, కదిపితే విరుగుతుంది. లేదా పైదాన్ని కత్తిరించి ముక్కలు పంచండి. మాంటిపోరా పళ్లెంలా పరుచుకునే జాతి అయితే కొన్ని నెలలకోసారి అంచు విరవడం తప్పదు. విరిచిన ముక్క అస్థి మీద తెల్లని గీతను రెండు మూడు వారాల్లో కొత్త కండ కప్పేస్తుంది.

రాళ్ల వెనుక మురికి పేరుకుంటోంది. రాళ్లు తీయకుండా ఎలా శుభ్రం చేయాలి?

నీళ్లు మార్చే రోజు, సైఫన్ పెట్టే ముందు, పెద్ద పిచికారీతో రాతి గుల్లల్లోకి గట్టిగా నీరు చిమ్మండి. మురికి మబ్బులా లేస్తుంది, అప్పుడు లాగేయండి. వారానికి పది శాతం నీళ్లు మారుస్తూ ఇలా చేస్తే సాధారణంగా మరేమీ అక్కరలేదు.

ఏడాది తర్వాత అమరిక నచ్చడం లేదు. మొత్తం తీసి మళ్లీ పేర్చవచ్చా?

ఒకే రోజు మొత్తం తీయకండి. ఏడాది పాటు కదలని ఇసుక కింద చేరిన మురికి ఒక్కసారిగా నీటిలో కలిస్తే 50 లీటర్లలో తట్టుకునే శక్తి ఉండదు. అమరిక రెండు మూడు విడి భాగాలుగా ఉంటే వారానికి ఒక భాగం చొప్పున మార్చండి. ముందు అదే సాంద్రత, అదే ఉష్ణోగ్రతలో 20 లీటర్ల కొత్త ఉప్పునీరు కలిపి పెట్టుకోండి. పగడాలున్న రాళ్లను ట్యాంకు నీటితోనే నింపిన బకెట్‌లో, పంపు, హీటరు వేసి ఉంచండి. రాయి తీసిన చోట ఇసుకను సైఫన్‌తో శుభ్రం చేసి ఆ తర్వాతే కొత్త చోట నిలపండి. పని అయ్యాక కార్బన్ మార్చి, మూడు రోజులు వరుసగా అమ్మోనియా చూడండి. కొత్త చోట వెలుతురు వేరుగా ఉంటుంది కాబట్టి దీపం తీవ్రతను మూడో వంతు తగ్గించి, రెండు వారాల్లో మెల్లగా పెంచండి.